మునుపు ఏం చేసేవారు

కోడలికి అన్నిటికంటే పెద్ద భయం ఒకటే: స్నానం చేయిస్తుండగా పిల్ల చేతుల్లోంచి జారిపోతుందని.

ఆమెకు దొంగలంటే భయం లేదు, చీకటంటే లేదు. మూడంతస్తుల మెట్ల మీద బల్బు మాడిపోయినా చంకలో పిల్లతో చకచకా దిగిపోగలదు. కానీ సబ్బు రాసిన పిల్ల ఒళ్లు తలుచుకుంటే చాలు, అరచేతులు చెమటలు పట్టేవి. పిల్ల పుట్టి ఏడు నెలలైంది. ఆ ఏడు నెలల్లో ఒక్కరోజు కూడా తను నీళ్లు పొయ్యలేదు. అత్తగారే పోసేది. స్నానాలగదిలో ముక్కాలిపీట వేసుకుని, ఎదురుగా నీలం టబ్బు పెట్టుకుని, మోచెయ్యి ముంచి వేడి చూసి, "రైట్, రైట్" అని కేకేసేది. పిల్లను తెమ్మని దాని అర్థం. ఆవిడ ఇరవయ్యారేళ్లు సిటీ బస్సులో కండక్టరు. ఉద్యోగం దిగి పదేళ్లయినా, ఇంట్లో ఎవరు కదలాలన్నా ఎవరు ఆగాలన్నా ఆవిడ నోట ఆ మాటే. పిల్లను "బుడంకాయ" అని పిలవడం మొదలుపెట్టింది కూడా ఆవిడే. ఇప్పుడు సొంత పేరు ఎవరికీ గుర్తు లేదు.

అలాంటి ఆవిడ ఒక ఆదివారం పొద్దున పడింది. బుడంకాయకు నీళ్లు పోయడం అయింది, తువ్వాలులో చుట్టి కోడలి చేతికిచ్చింది, టబ్బు వంచుదామని లేచింది. నేల మీద సబ్బునీళ్లున్నాయి. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి లోపల రాడ్డు వేశారు.

ఆ నీళ్లు తుడవాల్సింది కోడలే. అది ఆమె పని, ఏడు నెలలుగా ఆమె పనే. ఆ రోజు మాత్రం పిల్ల తల తుడుస్తూ, దాని బోసినవ్వు చూస్తూ గుమ్మంలోనే నిలబడిపోయింది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. "బాత్రూంలో కాలు జారారు" అంది, అంతే. పార్శిల్ వ్యాను నడిపే మొగుడికీ అదే చెప్పింది, పరుగెత్తుకొచ్చిన వదినకూ అదే చెప్పింది. వదిన అంటే మొగుడి అక్క. బట్టల కొట్టులో సూపర్‌వైజరు. నిలబడి చూడటమే ఆమె ఉద్యోగం, ఆ చూపుతోనే ఇంటికీ వచ్చేది.

ఆసుపత్రిలో అది పెద్ద వయసు ఆడవాళ్ల వార్డు. ఎనిమిది మంచాలు, నాలుగు కిటికీలు, అరిగిపోయిన లేతాకుపచ్చ నేల. అత్తగారిది ఆరో మంచం. కోడలు పొద్దున్నే పిల్లను కింది వాటా పిన్నికి అప్పగించి, పాలు, బట్టలు, బొమ్మ ఏవేవి ఎక్కడున్నాయో మూడుసార్లు చెప్పి, వీధి దాకా వెళ్లాక మళ్లీ వెనక్కొచ్చి నాలుగోసారి చెప్పి, అప్పుడు బస్సెక్కేది.

"నేను ముగ్గుర్ని కన్నాను, నాకూ పాలసీసా పట్టడం వచ్చు," అనేది పిన్ని తలుపు మూస్తూ.

ఆపరేషనైన నాలుగోరోజున కొలతలమ్మాయి వచ్చింది. అసలు ఉద్యోగం పేరు బ్యాడ్జీ మీద పెద్ద ఇంగ్లీషు మాటల్లో ఉండేది. కానీ మంచాల మీదివాళ్లంతా పెట్టుకున్న పేరు కొలతలమ్మాయి. జేబులో టేపు, మెడలో స్టాప్‌వాచీ, చంకలో అట్ట. మోకాలు ఎంత వంగుతుందో కొలుస్తుంది, పిడికిలి ఎంత బిగుస్తుందో కొలుస్తుంది, కుర్చీలోంచి లేచి నేల మీది గీత దాకా నడిచి మళ్లీ వచ్చి కూర్చోవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో కొలుస్తుంది. గడియారం బొమ్మ గీయించి బుర్ర కూడా కొలుస్తుందని ఒకటో మంచం ఆవిడ అందరికీ ముందే చెప్పి భయపెట్టింది.

కొలతలమ్మాయి స్టూలు లాక్కుని, అత్తగారి ముఖానికి తన ముఖం ఎదురుగా వచ్చేలా కూర్చుంది.

"పెద్దమ్మా, ఇప్పటి సంగతి తర్వాత. మునుపు ఏం చేసేవారు? పడకముందు, ఇంట్లో?"

అత్తగారు కోడలి వంక చూసింది. కోడలు వదిన వంక చూసింది. వదిన కిటికీ వంక చూసింది గానీ, ఆమె చెవులు మాత్రం ఇటే ఉన్నాయి.

"ఏం చేస్తాను తల్లీ, కూర్చునేదాన్ని," అంది అత్తగారు.

"మెట్లు దిగేవారా?"

"మూడో అంతస్తు. మా కోడలు దిగనివ్వదు."

"ఇంటిపని?"

"ఏ పనీ ముట్టుకోనివ్వనండీ," అంది కోడలు గబుక్కున. "అన్నీ దగ్గరికే అందిస్తాను. కూర్చోబెట్టి చూసుకుంటాం."

"మంచినీళ్ల గ్లాసు కూడా ఎత్తనివ్వదు," అని అత్తగారు ఇంకో మెట్టు పైకి ఎక్కించింది. "మీరు కూర్చోండి అత్తయ్యా అంటుంది, నేను కూర్చుంటాను. టీవీ చూస్తాను."

వదిన "ఊఁ" అంది. ఆ ఊఁలో మెచ్చుకోలు ఎంతో, నమ్మకపోవడం ఎంతో విడదీసి చెప్పడం కష్టం.

కొలతలమ్మాయి అట్ట మీద రాసుకుంటూ పోయింది. నిజానికి అత్తగారు రోజూ పొద్దున మూడంతస్తులు దిగి పాలూ పేపరూ తెచ్చేది. కిందా పైనా వాళ్లందరితో ఆగి ఆగి మాట్లాడి వచ్చేది. కుండీలకు నీళ్లు పోసేది, బట్టలు మడతపెట్టేది, పిల్లకు స్నానం చేయించేది, అది నిద్రపోయేదాకా భుజాన వేసుకుని వరండాలో అటూ ఇటూ తిరిగేది. ముసలావిడ చేత ఇంత చాకిరీ చేయించారా అంటారని కోడలు దాచింది. కోడల్ని ఎవరూ ఒక్కమాట అనకూడదని అత్తగారు దాచింది. ఒకరి పరువు ఒకరు కాపాడుకున్నామని ఇద్దరూ లోలోపల సంతోషించారు.

తర్వాత కొలతలమ్మాయి ఒక ఇనుప పిడి ఇచ్చి బిగించమంది. అత్తగారు బిగించింది. ముల్లు గిర్రున తిరిగింది. కొలతలమ్మాయి కనుబొమలు పైకి లేచాయి.

"గ్లాసు ఎత్తని చెయ్యి ఇంత గట్టిగా ఉందేంటి పెద్దమ్మా?"

"అది ఎప్పటిదో తల్లీ. టికెట్లు చింపిన చెయ్యి, బస్సు కమ్మీ పట్టుకుని వేలాడిన చెయ్యి," అంది అత్తగారు.

మంచం అంచున కూర్చోమంటే ఒక్క నిమిషం కూర్చుని, ముఖం చిట్లించి, మళ్లీ వాలిపోయింది. ఆవిడకు నొప్పి ఉన్న మాట నిజమే. కానీ నొప్పికంటే మించి, లేచి ఎక్కడికెళ్లాలి అన్న నిరుత్సాహం ఆవరించి ఉంది. కొలతలమ్మాయి స్టాప్‌వాచీ ఆపి, ఇంకేదో అడగబోయి, పక్క వార్డు నుంచి పిలుపు వస్తే వెళ్లిపోయింది.

పక్కన ఏడో మంచం మీద గొడుగులావిడ ఉండేది. నలభై ఏళ్లుగా గొడుగులు బాగుచేసి బతికింది. కుడి మణికట్టు విరిగి కట్టులో ఉంది, ఎడమచేతి వేళ్లు వయసుకు బిగుసుకుపోయాయి. చూడటానికి వచ్చేవాళ్లెవరూ లేరు. మొదటిరోజే కోడల్ని కళ్లతో పిలిచి, గొంతు తగ్గించి అంది.

"ఆ కొలతలపిల్ల వచ్చేలోపు ఈ స్వెటరు బొత్తాలు పెట్టెయ్యి తల్లీ. ఊచలు వంచిన చేతులు బొత్తాం పెట్టలేకపోతున్నాయంటే బాగోదు."

కోడలు పెట్టింది. ఆ రోజు నుంచి అదొక అలవాటైంది. పొద్దున రాగానే గొడుగులావిడ బొత్తాలు పెట్టేది, తల దువ్వేది, రొట్టెముక్కలు చిన్నవిగా తుంచి పెట్టేది. నీళ్లసీసా మూత తిప్పి, వదులు చేసి, ఊరికే పైన ఆనించి పెట్టేది.

"మీరు చెప్పొచ్చు కదండీ, సాయం చేస్తారేమో," అంది ఒకసారి.

"సాయం అని మొదలుపెడితే నన్ను నా కొట్టుకి పంపరు. ఎక్కడో ముసలాళ్ల ఆశ్రమంలో పడేస్తారు. నువ్వు నోరు మెదపకు," అంది గొడుగులావిడ. "నాకు చేతకానిదల్లా ఒకటే, అబద్ధం ఒంటిచేత్తో ఆడటం. రెండో చెయ్యి నీది."

ఆవిడ అలా అంటే నవ్వొచ్చేది. కొలతలమ్మాయి వచ్చి అడిగితే "అన్నీ నేనే చేసుకుంటాను" అనేది నిటారుగా కూర్చుని. నీళ్లు తాగి చూపించమంటే ఎడమచేత్తో మూత అలా పక్కన పెట్టి, రెండు గుక్కలు తాగి, మూత మళ్లీ ఆనించేది. బొత్తాలన్నీ వరసగా, తల నున్నగా. కొలతలమ్మాయి రాసుకుని వెళ్లేది.

బుధవారం సాయంత్రం నర్సు ఆరో మంచం దగ్గరికొచ్చింది.

"రేపు మీ అత్తగారిని ఇంటికి పంపేస్తారమ్మా. పక్కలు ఉన్న మంచం ఒకటి చూసుకోండి. బెడ్‌పాన్, డైపర్లు, వీపు పుండు పడకుండా పరుపు. జాబితా ఇస్తాను."

"నడక వార్డుకి పంపుతారన్నారు కదండీ?" అంది కోడలు. పై అంతస్తులో నడక వార్డు ఉంది. పడినవాళ్లను మూడు నాలుగు వారాలు ఉంచుకుని మళ్లీ నడిపించి పంపుతారు. మూడో మంచం ఆవిడ అక్కడికే వెళ్లింది.

"అక్కడ మంచాలు తక్కువ. కాగితంలో అవసరం లేదని వచ్చింది. తుది మాట రేపు పదకొండింటికి డాక్టరుగారు చెబుతారు, కానీ మామూలుగా కాగితం ప్రకారమే," అని నర్సు వెళ్లిపోయింది.

కాగితం మంచం కాళ్ల దగ్గర అట్టకు తగిలించి ఉంది. కోడలు తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేసిన మనిషి. గబగబా చదవలేదు, వేలు పెట్టి చదువుతుంది. పెట్టి చదివింది. రెండు వరసలున్నాయి. ఎడమ వరస మీద 'మునుపు' అని, కుడి వరస మీద 'ఇప్పుడు' అని. నడక, మెట్లు, స్నానం, బట్టలు, ఇంటిపని, బయటిపని. మునుపు: లేదు, లేదు, సాయంతో, సాయంతో, లేదు, లేదు. ఇప్పుడు: లేదు, లేదు, సాయంతో, సాయంతో, లేదు, లేదు. అడుగున గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది: 'పోగొట్టుకున్నది పెద్దగా లేదు. తిరిగి నేర్పవలసినదీ లేదు.'

ఆమె అక్కడే నిలబడిపోయింది. తీసివేత లెక్క చిన్న తరగతుల్లోనే చెప్పారు, అది మర్చిపోలేదు. సున్నాలోంచి సున్నా తీసేస్తే మిగిలేది సున్నా. మూడంతస్తుల మెట్లు, పాలు, పేపరు, కుండీలు, నీలం టబ్బు, బుడంకాయ, అన్నీ కలిపి ఆ కాగితంలో సున్నా అయ్యాయి. ఆ సున్నా చుట్టింది తన నోరే.

ఇక ఇప్పుడు అత్తగారు లేవదు. లేవలేక కాదు, లేపక. ఒకసారి మంచానికి అలవాటుపడిన ఒంట్లో నెల తిరిగేసరికి లేచే బలం కూడా మిగలదని ఒకటో మంచం ఆవిడ చెప్పనే చెప్పింది.

అత్తగారి పక్కన కూర్చుని మెల్లగా అంది. "నిజం చెప్పేద్దాం అత్తయ్యా."

"ఏమని? ముసలిదాని చేత పిల్లకు నీళ్లు పోయించుకుని కాలు విరగ్గొట్టామనా? మా అమ్మాయి వింటే నిన్ను నమిలి ఊస్తుంది."

"ఊయనివ్వండి. మీరు మంచం మీద ఉండిపోతే?"

"ఉంటే ఏం? ఇరవయ్యారేళ్లు నిలబడ్డాను. జనం అందరూ కూర్చున్నారు, నేను నిలబడ్డాను. ఇప్పుడు పడుకుంటాను, అది నాకు రావాల్సిన బాకీ."

ఆ మాట అంటూ ఆవిడ దుప్పటి అంచును సన్నగా మడతలు పెట్టి, బొటనవేలితో సరిచేసి, మళ్లీ విప్పుతోంది. టికెట్ల కట్ట సరిచేసినట్టు. కాసేపటికి, కోడలి వైపు చూడకుండా అడిగింది.

"బుడంకాయకి నీళ్లు పోస్తున్నావా?"

"తడిగుడ్డతో తుడుస్తున్నాను."

"పదిరోజుల నుంచా?"

నిన్న మొగుడు పిల్లను ఎత్తుకుని, ముక్కు ముడిచి, "పాలడబ్బా మూత తీసినట్టుందే దీని దగ్గర" అన్నాడు. ఆ మాట అత్తగారికి చెప్పలేదు.

గురువారం పొద్దున రాగానే అలవాటు కొద్దీ గొడుగులావిడ బొత్తాలు పెట్టింది. చేతులు తమ పని తాము చేస్తున్నాయి, మనసు మాత్రం పదకొండు గంటల మీద ఉంది. గొడుగులావిడ ఏదో చెప్పబోయింది. "ఇప్పుడే వస్తానండీ" అని కోడలు వరండాలోకి నడిచింది.

వరండా చివర బల్ల దగ్గర కొలతలమ్మాయి రాసుకుంటోంది. కోడలు అక్కడికి చేరేసరికి, మెట్ల వైపు నుంచి టీ ఫ్లాస్కుతో వదిన కూడా వచ్చింది. వెనక్కి తిరిగి వెళ్లిపోదామనిపించింది. కాళ్లు రెండడుగులు వేశాయి కూడా. కానీ వదిన వెళ్లేదాకా ఆగితే పదకొండవుతుంది.

"నేను అబద్ధం చెప్పానండీ," అంది.

కొలతలమ్మాయి కలం ఆగింది.

"మా అత్తయ్య కూర్చునే మనిషి కాదు. రోజూ మూడంతస్తులు దిగి పాలు తెస్తారు. పిల్లకు స్నానం ఆవిడే చేయిస్తారు. నాకు భయం, నేను చేయించలేను. ఆ రోజు కూడా నీళ్లు పోసి లేస్తూ పడ్డారు. నేల మీద నీళ్లు నేను తుడవాలి. తుడవలేదు. ఆవిడ పని చేస్తారంటే నన్ను అంటారని లేదన్నాను. నా పరువు కోసం ఆవిడా లేదన్నారు. మీరు లేదని రాశారు. మీ తప్పేం లేదు."

ఇంత పొడుగు మాట ఆమె ఎప్పుడూ ఎవరితోనూ ఒక్క ఊపిరిలో అనలేదు. అన్నాక వదిన వైపు చూడటానికి ధైర్యం చాలక, ఫ్లాస్కు మూత వంక చూస్తూ నిలబడింది.

వదిన ఫ్లాస్కు బల్ల మీద పెట్టింది. అప్పుడు అడిగింది. "రోజూ దిగేదా?"

"రోజూ వదినా."

"మా ఇంటికొచ్చి నాలుగురోజులు ఉండమంటే, మోకాళ్లు లేవట్లేదే, మెట్లు దిగలేనే అనేది నాతో ఫోన్లో."

"ఫోను పెట్టేసి కిందికి వెళ్లేవారు," అంది కోడలు. దాచడం అయిపోయింది కాబట్టి దాచలేదు. "బుడంకాయను వదిలి రాలేక."

వదిన మూతి బిగించింది. అది కోపమో నవ్వో మరి. "దొంగ ముసల్ది," అంది. తర్వాత కోడలి వైపు తిరిగి, "నీ సంగతి ఇంటికెళ్లాక చెబుతాను మరదలా. ముందు ఈవిడ చెప్పేది విను," అంది.

కొలతలమ్మాయి లేచి నిలబడింది. "వినడం ఒకసారి విన్నాను కదా. వరస మార్చాలంటే ఈసారి చూడాలి. చూడకుండా దిద్దితే డాక్టరుగారు ఒప్పుకోరు. గంట టైముంది. రండి."

ఆమె చేసిన పని చూసి వార్డంతా మెడలు చాచింది. దిండు గలీబులో నీళ్లు నింపిన సీసాలు ఆరు పేర్చి, చుట్టూ తువ్వాళ్లు చుట్టి, మూట కట్టింది. బరువు చూసుకుంది. "ఏడునెలల పిల్ల ఇంతే ఉంటుంది." ఒక బేసిన్‌లో గోరువెచ్చని నీళ్లు తెప్పించి ఆరో మంచం పక్కన స్టూలు మీద పెట్టింది. మూట తెచ్చి కోడలి చేతుల్లో పెట్టింది.

"పెద్దమ్మా, మీరు ఇంటికెళ్లాక ఈమే కదా పిల్లకు స్నానం చేయించాలి. ఈమెకు రాదట. మీరు పడుకునే చెప్పండి, ఎలాగో."

అత్తగారు కోడలి వైపు గుర్రుగా చూసింది, చెప్పేశావన్నమాట అన్నట్టు. కోడలు మూటను పట్టుకుంది. అవి సీసాలేనని తెలుసు. అయినా అరచేతులు తడిశాయి.

"తల," అంది అత్తగారు దిండు మీది నుంచి.

కోడలు సర్దుకుంది.

"అది తల కాదు, కాళ్లు. తల ఎటుందో ముందు అనుకో. ఆ, మెడ కింద మణికట్టు రావాలి. వేళ్లు కాదు, మణికట్టు. అవతలి చంక కింద నుంచి వేళ్లు చుట్టి పట్టు. అలా కాదు. అలా పట్టుకుంటే..." ఆవిడ మోచెయ్యి మీద లేచింది. "పిల్ల ఒళ్లు అలా గాల్లో పెడతావా? అది బెదురుతుంది. ముందు కాళ్లు తగలాలి నీళ్లకి. అబ్బ, ఇటు తే."

కోడలు కదల్లేదు. మూట నిజంగానే జారుతోంది.

"ఇటు తే అంటుంటే," అని అత్తగారు దుప్పటి తోసేసి, మంచం కమ్మీ పట్టుకుని, ఒక కాలు, తర్వాత చేత్తో ఎత్తి పట్టుకుని రెండో కాలు కిందికి దింపి, అంచున కూర్చుంది. పళ్ల బిగువున ఒక మూలుగు వచ్చింది, పోయింది. మంచి కాలు నేల మీద గట్టిగా ఆనించింది, బస్సు మలుపు తిరిగేటప్పుడు ఆనించినట్టు. రెండు చేతులూ చాచింది. టికెట్లు చింపిన ఆ చేతుల్లోకి మూట వెళ్లగానే కుదురుగా ఒదిగిపోయింది.

కొలతలమ్మాయి జేబులో చెయ్యి పెట్టుకుంది. లోపల 'టిక్' మని చిన్న చప్పుడైంది.

అత్తగారు చెబుతూ పోయింది. చెవి వెనక, మెడ మడతలో, వేళ్ల సందుల్లో. సబ్బు చేతికి రాసుకోవాలి గానీ పిల్లకు కాదని, కన్ను కడిగేటప్పుడు ముక్కు వైపు నుంచి బయటికి తుడవాలని. పక్కకి వంగి నీళ్లు తీసుకుంది, ముందుకి వంగి మూటకు వీపు కడిగింది. వదిన గోడకానుకుని చూస్తూ ఉండిపోయింది. ఒకటో మంచం ఆవిడ "పిల్ల ఏడవట్లేదే, మంచి పిల్ల" అంది.

"పెద్దమ్మా, తువ్వాలు ఆ కుర్చీలో ఉండిపోయింది," అంది కొలతలమ్మాయి చాలా మామూలుగా.

కుర్చీ రెండడుగుల దూరంలో ఉంది. అత్తగారు మూట కోడలికిచ్చింది. చేతిలో చెయ్యి కలిపి, మణికట్టు ఎక్కడుండాలో సర్ది మరీ ఇచ్చింది. ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, "రైట్, రైట్" అని తనకు తనే చెప్పుకుని లేచింది. కొలతలమ్మాయి చెయ్యి ఆవిడ వీపు వెనక బెత్తెడు దూరంలో ఉంది, తగల్లేదు. అత్తగారు ఒక అడుగు వేసింది. ఇంకో అడుగుకు కాలు వణికింది. తువ్వాలు అందుకుంది.

అప్పుడే డాక్టరుగారు వెనక నలుగురితో వార్డులోకి వచ్చాడు. ఆరో మంచం ఆవిడ నిలబడి ఉంది, దిండుమూటను తువ్వాలులో చుట్టమని కోడల్ని కసురుతోంది.

"పాపకి పేరేం పెట్టారు?" అన్నాడు.

"పేరు తర్వాత, ముందు అక్కడే ఆగండి బాబూ, నేల తడిగా ఉంది," అంది అత్తగారు.

ఆ మాట పూర్తయ్యేలోపే కోడలు మూటను మంచం మీద పెట్టి, గుడ్డ తీసుకుని మోకాళ్ల మీద కూర్చుంది. స్టూలు కింద, మంచం కింద, డాక్టరుగారి బూట్ల దాకా తుడిచింది. మళ్లీ పొడిగుడ్డతో తుడిచింది. అరచెయ్యి ఆనించి చూసి, అప్పుడు లేచింది. అందరూ ఆమె లేచేదాకా ఎక్కడివాళ్లక్కడే నిలబడ్డారు.

కొలతలమ్మాయి జేబులోంచి స్టాప్‌వాచీ తీసి చూపించింది. ఆనుకోకుండా కూర్చున్నది పదకొండు నిమిషాలు. కాగితంలో ఎడమ వరస కొట్టేసి, కొత్తగా రాసింది. నడక, మెట్లు, స్నానం, ఇంటిపని, బయటిపని. ఈసారి ఎడమకూ కుడికీ మధ్య చాలా దూరం ఉంది. అడుగున మూడు వారాల్లో చేరవలసిన చోటు అని ఉన్న గీత మీద ఇలా రాసింది: 'కుర్చీలో కూర్చుని మనవరాలికి స్నానం చేయించడం. తుడిచే పని కోడలిది.'

"ఆ చివరిది కూడా రాయాలా?" అంది కోడలు.

"రాయండి, నేను చదువుతాను," అంది వదిన.

మధ్యాహ్నం అత్తగారిని చక్రాలకుర్చీలో పై అంతస్తుకు తీసుకెళ్తుంటే, సామాను తీసుకోవడానికి వెనక్కి వచ్చిన కోడలికి ఏడో మంచం ఖాళీగా కనిపించింది. దుప్పటి మార్చేశారు. నీళ్లసీసా లేదు. అందరూ వరండాలోనూ ఆరో మంచం చుట్టూ ఉన్నప్పుడే, గొడుగులావిడను ఇంటికి పంపేశారు. పొద్దున ఆవిడ చెప్పబోయింది అదేనేమో.

ఆ పొద్దునే తను పెట్టిన బొత్తాలు. తనే వదులు చేసిన మూత. ఆరో మంచం కోసం అంత నోరు తెరిచిన మనిషి, ఈ మంచం సంగతి అడగనే లేదు, అనుకోనే లేదు.

పరుగున వెళ్లి కొలతలమ్మాయికి చెప్పింది. "ఆ బొత్తాలు నేను పెట్టినవండీ."

"మూత?"

"మూతా నేనే."

కొలతలమ్మాయి ఏడో మంచం కాగితం వెతికి తీసింది. తర్వాత ఫోను చేసింది. అవతల గొడుగులావిడ గొంతు గట్టిగానే వినిపించింది. బాగున్నాను, ఎవరూ రానక్కర్లేదు, ఇంటికి సాయం వద్దని సంతకం కూడా పెట్టాను కదా. వద్దన్న మనిషి తలుపు తోసుకుని వెళ్లడానికి ఆసుపత్రికి హక్కు లేదట. "తెలిసినవాళ్లు ఎవరైనా వెళ్తే వేరే సంగతి," అంది కొలతలమ్మాయి ఫోను పెట్టేసి.

ఆ సాయంత్రం కోడలు నీలం టబ్బు దించింది. మోచెయ్యి ముంచింది. మెడ కింద మణికట్టు, అవతలి చంక కింద వేళ్లు. ముందు కాళ్లు. బుడంకాయ పదకొండు రోజుల తర్వాత నీళ్లు చూసి, రెండు చేతులతో టపటపా కొట్టి, తల్లి ముఖమంతా తడిపింది. జారలేదు. కోడలి భయం పోలేదు, ఇప్పటికీ ఉంది. కాకపోతే భయపడుతూనే పోస్తుంది.

మూడు వారాలకు అత్తగారు వాకరుతో ఇంటికి వచ్చింది. మూడంతస్తులూ ఎక్కడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ప్రతి మలుపులోనూ "ముందు దిగేవాళ్లని దిగనివ్వండి" అంటూనే ఉంది. స్నానాలగది గోడకు కమ్మీ వచ్చింది, ముక్కాలిపీట పోయి కుర్చీ వచ్చింది. వదిన రోజూ ఎనిమిదింటికి ఫోను చేసి ఒకే ప్రశ్న అడుగుతుంది: "నేల తుడిచావా మరదలా?" తుడిచాను వదినా అంటే పెట్టేస్తుంది.

గొడుగులావిడ దగ్గరికి కోడలు మొదటిసారి వెళ్లింది ఆవిడ ఆసుపత్రి నుంచి వెళ్లిన తర్వాతి బుధవారమే, వార్డులో చెప్పిన గుర్తులు పట్టుకుని. తలుపు తట్టింది. లోపలి నుంచి "బాగున్నాను, పనిలో ఉన్నాను, తర్వాత రా" అని వినిపించింది. కోడలు వెళ్లలేదు, గుమ్మంలో కూర్చుంది. చాలాసేపటికి గడియ గరగరలాడి, ఆగి, మళ్లీ గరగరలాడి తెరుచుకుంది. గొడుగులావిడ స్వెటరుకు ఒక్క బొత్తామూ పెట్టి లేదు. అది విడిపోకుండా నడుముకు గొడుగు పట్టీ చుట్టుకుని ఉంది. బల్ల మీద నీళ్లసీసాలు ఐదున్నాయి, ఒక్కదాని మూత కూడా తెరిచి లేదు. కుళాయి కింద నోరు పెట్టి తాగుతోందట.

కోడలు బొత్తాలు పెట్టింది. ఐదు సీసాల మూతలూ వదులు చేసింది.

"ఎవరితో అనకు తల్లీ," అంది గొడుగులావిడ.

"ఈసారి అంటానండీ," అంది కోడలు.

అన్నది కూడా. కొలతలమ్మాయితో అంది, వదినతో అంది, కింది వాటా పిన్నితో అంది. ఇప్పుడు ఆదివారాలు వదిన వెళ్తుంది, బుధవారాలు కోడలు వెళ్తుంది. మిగిలిన రోజులకు మనుషులు చాలడం లేదు. అందుకే ఈ కథ మీ దాకా వచ్చింది. రైలు వంతెన దిగాక, తాళాల కొట్టు పక్క సందులో, కింది వాటా. గంట తాడుకు విరిగిన గొడుగు పిడి కట్టి ఉంటుంది, ఇట్టే గుర్తుపడతారు. మీరు అటువైపు వెళ్లేటట్టయితే ఒకసారి తలుపు తట్టి చూడండి. బాగున్నాను అంటుంది. నమ్మి వచ్చేయకండి. కాసేపు కూర్చుని, దాహంగా ఉందని చెప్పి, కొత్త నీళ్లసీసా ఒకటి మూత తీసి ఇమ్మనండి.